విత్తనాల కాగితంతో అట్ట వేశాం, మొలకలు మాత్రం రాలేదు

హంద్రీ_ఒడ్డు
కర్నూలులో ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఈసారి మా బడి వార్షిక సంచికను కొత్తగా తేవాలనుకున్నాం. లోపలి పుటలకు పాత కాగితాన్ని గుజ్జు చేసి మళ్లీ తయారుచేసిన కాగితం. అట్టకు విత్తనాలు కలిపిన కాగితం. చదవడం అయ్యాక అట్టను చింపి మట్టిలో పెడితే బంతి మొక్కలు వస్తాయని అమ్మినవాళ్లు చెప్పారు. ఎ4 షీటు ఒక్కటి 32 రూపాయలు. 300 ప్రతులకు 300 షీట్లు, అంటే అట్టకే 9,600 రూపాయలు. పూర్వ విద్యార్థులు ఇచ్చిన డబ్బు అది.

ఫిబ్రవరి చివర్లో వార్షికోత్సవంలో పంచాం. మార్చి మొదటి వారంలో పిల్లలు పోటీపడి నాటారు. ఎనిమిదో తరగతి లీడరు ఒక నోటుపుస్తకం పెట్టి ఎవరెవరు నాటారో, ఎవరికి మొలిచిందో అన్నీ రాసింది. 142 మంది నాటితే 19 మందికే మొలకలు వచ్చాయి. మిగతావాళ్లు రోజూ వచ్చి "సార్, ఇంకా రాలేదు" అంటారు. ఒకడైతే రోజూ తవ్వి చూసుకుంటున్నాడట. సంపాదకీయం రాసింది నేనే, "ఈ పుస్తకం మీ ఇంట్లో పూస్తుంది" అని. ఇప్పుడు ఆ వాక్యం కంటపడితే పుట తిప్పేస్తున్నాను. అమ్మినవాళ్లకు ఫోను చేస్తే "నీళ్లు సరిగ్గా పోసి ఉండరు" అని పెట్టేశారు. మోసపోయామా, మేమే ఎక్కడైనా తప్పు చేశామా?

ఉగ్గాని_బజ్జి
ఆ తవ్వి చూసేవాడిని పురావస్తు శాఖకు పంపండి సార్. ఓపిక ఉంది.

వేరుశనగ_చేను
అనంతపురం నుంచి. వ్యవసాయం చదువుకున్నాను, ఇంట్లోనూ అదే పని. తిట్టుకునే ముందు నాలుగు ప్రశ్నలు. ఎంత లోతులో పెట్టారు? కాగితాన్ని నానబెట్టారా? ఎండలోనా, నీడలోనా? కట్ట మీద అది తయారైన నెల ఉందా?

హంద్రీ_ఒడ్డు
నెల లేదు. అట్ట వెనుక మేము వేయించింది ఒకే వాక్యం: "చదివాక నాటండి." లోతు సంగతి ఈరోజే తరగతిలో అడిగాను. జానెడు గుంత తీశామని సగం మంది చేతులెత్తారు. అట్టను నాలుగు మడతలు పెట్టి, ఆ మడత అలాగే పాతిపెట్టినవాళ్లు ఉన్నారు. ఒక అమ్మాయి ఇంట్లో వాళ్ల తాత కొబ్బరి మొక్క పెట్టినట్టు మోకాలి లోతు తవ్వి ఇచ్చాడట.

ఉగ్గాని_బజ్జి
అది నాటడం కాదు, అంత్యక్రియలు.

వేరుశనగ_చేను
నవ్వులాటకు అన్నా, పైన అన్న మాట నిజమే. బంతి విత్తనం చూశారు కదా, నల్లని సూది ముక్కకు తెల్లని తోక ఉన్నట్టుంటుంది. దానిలో దాచుకున్న తిండి ఎంత? జానెడు మట్టిని తోసుకుని పైకి వచ్చేంత బలం దానికి లేదు. వేరుశనగ పప్పును రెండంగుళాల లోతులో వేసినా తలెత్తుతుంది, దాని ఒళ్లు వేరు. చిన్న విత్తనానికి దాని మందానికి రెండు మూడు రెట్ల లోతు చాలు. తులసి అయితే అది కూడా ఎక్కువే, వెలుతురు తగలాలి.

పద్ధతి ఇది. కాగితాన్ని రాత్రి నీళ్లలో వేయండి. పొద్దున అరచేతిలో పట్టేంత ముక్కలుగా చింపండి. కుండీలో మట్టిని చదును చేసి, ముక్కను పరిచి, పైన జల్లించిన మట్టిని ముగ్గు చల్లినట్టు పలుచగా చల్లండి. పది రోజులు ఆ పొర ఎండకూడదు. అసలు చిక్కు అక్కడే ఉంది. విత్తనం నీళ్లు పీల్చి ఉబ్బిన తరువాత ఒక్క మధ్యాహ్నం ఎండిందంటే అయిపోయినట్టే, మళ్లీ తడిపినా లేవదు. పైగా మార్చి. మా జిల్లాలో ఏడాది మొత్తం మీద కురిసేదే 550 మిల్లీమీటర్ల చుట్టూ, అందులో ఎక్కువ భాగం సెప్టెంబరు అటూ ఇటూ. మీ కర్నూలు మాకంటే కొంచెం నయం, అంతే. నాటాల్సిన పుస్తకాన్ని ఎండల ముందు పంచడం అంటే ఎండాకాలం సెలవుల్లో గొడుగులు పంచినట్టు.

హంద్రీ_ఒడ్డు
వార్షికోత్సవం ఫిబ్రవరిలోనే వస్తుంది మరి. సంచిక కోసం పండుగను వెనక్కి జరపలేం కదా.

పెన్న_ఇసుక
ఎవరూ అడగని ప్రశ్న నేను అడుగుతాను. అసలు ఎందుకు ఇదంతా? 9,600 రూపాయలకు బంతి విత్తనాలు ఎన్ని వస్తాయో తెలుసా? ఊరంతా చల్లవచ్చు. పుస్తకం చదవడానికి, విత్తనం చల్లడానికి. రెండూ కలిపి ఒక వస్తువు చేస్తే అది పుస్తకంలా ఎక్కువ రోజులు ఉండదు, విత్తనంలా మొలవదు. పాత పుస్తకాలూ పేపర్లూ తూకానికి కొనే బండి మన వీధిలోకి వారానికోసారి వస్తూనే ఉంది. అది మిల్లుకు వెళ్లి మళ్లీ కాగితమో అట్టపెట్టెనో అవుతోంది. ఒకే నారను అయిదారుసార్లు అలా తిప్పవచ్చు. మట్టిలో పాతిపెడితే ఆ నార కథ అక్కడితో సరి. పర్యావరణం పేరు చెప్పి మంచి కాగితాన్ని మట్టిపాలు చేస్తున్నాం.

పసుపు_కొమ్ము
ప్రతిదానికీ లెక్క వేస్తే సంక్రాంతికి ముగ్గు కూడా పెట్టకూడదు. 142 మంది పిల్లలు విత్తనం ఎలా మొలుస్తుందోనని వారం రోజులు ఎదురుచూశారు. ఆ ధరకు అది దొరకదు.

పెన్న_ఇసుక
ఎదురుచూశారు, రాలేదు. అది కూడా ధరలో భాగమే అక్కా.

మూడోతరం_ప్రెస్సు
ఆదోనిలో మా తాత ట్రెడిల్ మిషన్ నడిపాడు, నాన్న ఆఫ్‌సెట్, నేను ఆ రెండింటి అప్పులు. మాస్టారూ, అందరూ మట్టి గురించే మాట్లాడుతున్నారు. అట్ట మీద అచ్చు ఎలా వేయించారో ఎవరూ అడగలేదు. ఈ కాగితం మిషన్లకు పనికిరాదు. ఆఫ్‌సెట్‌లో కాగితం రెండు సిలిండర్ల మధ్య నలుగుతూ వెళ్తుంది. ఒకదాని మీద బ్లాంకెట్ అనే రబ్బరు పొర ఉంటుంది, అచ్చును కాగితానికి అంటించేది అదే. ఎక్కడైనా గింజ గట్టిగా నొక్కుకుంటే బ్లాంకెట్‌లో గుంట పడుతుంది. ఆ తరువాత వేసే ప్రతి కరపత్రంలోనూ సరిగ్గా అక్కడే తెల్ల చుక్క. ఒక పార్టీ కరపత్రంలో ఆ చుక్క నాయకుడి పంటి మీద పడింది, ఆ రోజు నేను పడ్డ మాటలు ఇక్కడ రాయలేను.

దీనికి స్క్రీన్ ప్రింటింగే దారి, అంటే సన్నని జాలిగుడ్డ గుండా సిరాను కాగితం మీదికి దించడం. అది కూడా మెత్తని రబ్బరు పట్టీతో, తేలికగా లాగాలి. అక్షరం పెద్దదిగా ఉండాలి. ఇంగ్లీషు అయితే ఎలాగో నెట్టుకొస్తాం. తెలుగుకు ఒత్తులు, గుడులు, సున్నాలు. ఈ గరుకు కాగితం మీద సిరా పాకి "లక్ష్మి"లో మూడంతస్తులూ కలిసి ఒక నల్ల ఉండ అవుతుంది. మీవి ఎలా వేయించారు?

హంద్రీ_ఒడ్డు
200 అట్టలు స్క్రీన్ ప్రింటింగే, నీలం ఒక్కటే రంగు. మీరన్నట్టే "సంచిక"లో సున్న పూడిపోయింది. తరువాత అతిథులకూ తొమ్మిది, పది తరగతులకూ రంగుల్లో ఉంటే బాగుంటుందని హెడ్మాస్టరు గారు అన్నారు. మిగిలిన 100 అట్టలు ఊళ్లో ఒక కలర్ ప్రింట్ల దుకాణంలో వేయించాం. పెద్ద జిరాక్సు మిషన్ లాంటిది. ఒక్కో అట్ట దాటుతుంటే చిటచిటమని చప్పుడు వచ్చింది. దుకాణం ఆయన "మందపు కాగితం కదా, అలాగే ఉంటుంది" అన్నాడు.

మూడోతరం_ప్రెస్సు
అయ్యో మాస్టారూ. అది లేజర్ మిషన్. ఆ రంగు సిరా కాదు, ప్లాస్టిక్ పొడి. దాన్ని 180, 200 డిగ్రీల దగ్గర కరిగించి, రోలర్లతో కాగితానికి అదుముతారు. మీ విత్తనాలను వేయించి, ఆపైన రోట్లో దంచారు.

ఉగ్గాని_బజ్జి
చిటచిట అన్నది తాలింపు అన్నమాట.

వేరుశనగ_చేను
వేడి మీద నాకు అనుమానం. కాగితం ఆ రోలర్ల మధ్య ఉండేది క్షణంలో కొంత భాగం. గుజ్జు మధ్యలో ఉన్న గింజకు అంత వేడి అందుతుందా? నలిగిపోవడమే కారణం అంటాను.

మూడోతరం_ప్రెస్సు
అందులోంచి బయటికి వచ్చిన కాగితాన్ని చేత్తో పట్టుకుని చూశారా? అప్పడంలా ఉంటుంది.

వేరుశనగ_చేను
అప్పడం నూనెలో వేగడానికి కూడా కొంత సమయం కావాలి అన్నా. మాస్టారూ, వాదన ఎందుకు, మీ దగ్గర అట్టలు మిగిలాయా? నీలం అట్ట, రంగుల అట్ట, అచ్చు వేయని కాగితం, మూడింటి నుంచీ ఒకే కొలత ముక్కలు తీసి తడి గుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. నీడలో ఉంచండి. వారం తరువాత విప్పి లెక్కపెట్టండి. మట్టి, ఎండ, తాతలు, ఎవరి జోక్యమూ ఉండదు.

హంద్రీ_ఒడ్డు
ఆ 300 కాక 14 ఖాళీ షీట్లు కూడా ఉన్నాయి. రేపే మొదలుపెడతాం. లీడరు నోటుపుస్తకంలో ఎవరిది ఏ అట్టో కూడా చూస్తాను.

పసుపు_కొమ్ము
ప్రొద్దుటూరులో ఉంటాను. డబ్బు పెట్టి కొనకుండా ఇంట్లోనే ఈ కాగితం చేసిన మనిషిని నేను, అందుకే చెబుతున్నా. పిల్లల పాత నోటుపుస్తకాలు చించి రాత్రంతా నానబెట్టి మిక్సీలో తిప్పాను. మొదటిసారి మెంతులు కూడా అందులోనే వేసి తిప్పాను, మెంతి పొడి వచ్చింది. రెండోసారి గుజ్జు అయ్యాక బేసిన్‌లో పోసి, విత్తనాలు చేత్తో కలిపాను. పిండి జల్లెడ మీద పలుచగా పోసి, పాత నూలు చీర ముక్కతో అద్ది, నీళ్లు పిండేశాను. అంతవరకు బాగుంది. ఆరవేయడంలో దెబ్బతిన్నాను. అది కార్తీకం, రెండు రోజులు ముసురు పట్టింది. మందంగా పోశానేమో లోపల ఆరలేదు. మూడోరోజు పొద్దున చూస్తే కాగితానికి గడ్డం మొలిచింది. తెల్లని మొలకలు, ఒక్కొక్కటి అర అంగుళం. మా అత్తగారు చూసి "ఇది రాసుకోవడానికా, తాలింపుకా" అన్నారు.

ఆ తరువాత ఎండ బాగా ఉన్న రోజున పలుచగా పోసి, గాలి తగిలే నీడలో ఆరబెట్టాను. ఎండలో వేడెక్కిన బండ మీద వేయవద్దు, మన కడప బండ మధ్యాహ్నానికి పెనంలా కాలుతుంది. మెంతులకు బదులు కొర్రలు వేశాను. సన్నని గింజ, గుజ్జులో చక్కగా కూర్చుంటుంది. నాలుగో రోజుకే మొలిచాయి. పిచ్చుకలు కూడా నాలుగో రోజుకే వచ్చాయి, అది వేరే కథ.

జాబిలి_కడప
తెల్లని నోటుపుస్తకాల గుజ్జుకు బ్లీచింగ్ కలిపారా అక్కా? నేను కలిపాను, ఒక్కటీ మొలవలేదు.

పసుపు_కొమ్ము
కలపలేదు. నీలి సిరాతో లేత బూడిద రంగు వచ్చింది, అదే బాగుంది. దర్జీ దగ్గర నూలు బట్టల కత్తిరింపులు దొరికితే ఇంకా మంచిది, నార పొడుగ్గా ఉండి కాగితం గట్టిగా వస్తుంది. ముక్కలు చిన్నవిగా కత్తిరించకపోతే మిక్సీ బ్లేడుకు చుట్టుకుంటాయి, జాగ్రత్త.

శుభలేఖ_మూల
కడపలో శుభలేఖల అంగడి మాది. మొలకెత్తే శుభలేఖలు అంటూ రెండేళ్ల నుంచి అడుగుతున్నారు. అడిగేది పెళ్లికొడుకు, వద్దనేది వాళ్ల అమ్మ. ఎందుకో వినండి. శుభలేఖ మీద వినాయకుడు ఉంటాడు, వేంకటేశ్వరస్వామి ఉంటాడు, నాలుగు మూలలా పసుపు ఉంటుంది. దాన్ని నీళ్లలో నానబెట్టి, ముక్కలు చేసి, మట్టి కప్పాలి. ఒక పెద్దావిడ నా ఎదురుగానే అన్నది: "పెళ్లి కాకముందే ఇద్దరి పేర్లూ చించి పాతిపెట్టమంటావా నాయనా?" నా దగ్గర సమాధానం లేదు. ఆ బేరం పోయింది.

తరువాత ఒక ఉపాయం చేశాం. దేవుడు, పేర్లు, ముహూర్తం అన్నీ మామూలు కాగితం మీద. విత్తనాల కాగితం వేలెడు వెడల్పు చీటీగా వేరే, అందులో తులసి, మీద ఏ పేరూ ఉండదు, "నాటండి" అని రబ్బరు స్టాంపు. చీటీని దారంతో కట్టి ఇస్తాం. ఇప్పుడు అమ్మలకూ అభ్యంతరం లేదు, ఖర్చు కూడా ఆరో వంతుకు దిగింది. ఇంకో మాట. శుభలేఖల మీద చుట్టే ప్లాస్టిక్ పొర 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం, స్వీటు పెట్టెల మీద చుట్టేది కూడా. ఇప్పటికీ "ఆ మెరిసే కవరు వేయండి, తడవకుండా ఉంటుంది" అని అడుగుతున్నారు. ముందు ఆ పొర మానితే చాలు, విత్తనాల సంగతి తరువాత చూద్దాం.

గండికోట_గద్ద
శుభలేఖలో ఎర్రచందనం విత్తనాలు వేస్తే? పాతికేళ్ల తరువాత కట్నం దానంతట అదే వస్తుంది.

వేరుశనగ_చేను
ఎర్రచందనం కాయ గుండ్రని రెక్కతో బిళ్లలా ఉంటుంది, కాగితంలో ఇమడదు. ఇమిడినా మొలకెత్తడం కష్టం. మొలిచిందే అనుకోండి, శుభలేఖ అందుకున్న ప్రతి ఇంటికీ అటవీ శాఖ వాళ్లు పెళ్లికి వచ్చినట్టు వస్తారు.

బంగళా_పావురం
పుస్తకాల వైపు నుంచి ఒక మాట. నేను గ్రంథాలయంలో పనిచేస్తాను. విత్తనం ఉన్న పుస్తకం నా బీరువాలోకి వస్తే నాకు నిద్ర పట్టదు. గింజ ఉన్నచోటికి పురుగు వస్తుంది, పురుగుకు ఏది సంచికో ఏది పాత ప్రతో తెలియదు. వానాకాలం చెమ్మకు ఏమవుతుందో పసుపు_కొమ్ము గారు చెప్పిన గడ్డం కథ చూశాం. బ్రౌను దొర 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. అది మొలకెత్తే కాగితం అయి ఉంటే ఈపాటికి మనకు పద్యాలు ఉండేవి కావు, చింతతోపు ఉండేది. నాటేది కరపత్రం కావాలి, ఆహ్వానం కావాలి, ధర పట్టీ కావాలి. పిల్లల రాతలు ఉన్న సంచిక కాదు. ఇరవై ఏళ్ల తరువాత ఆ పిల్ల తన కథ ఎక్కడ ఉందని వెతుక్కుంటుంది. మాస్టారూ, అట్ట చింపిన ప్రతులు ఇప్పుడు ఎలా ఉన్నాయి?

హంద్రీ_ఒడ్డు
మీరు సరిగ్గా అక్కడే పట్టుకున్నారు. అట్ట పోయాక పిన్నులు ఊడి పుటలు విడిపోయాయి. విషయసూచిక కూడా అట్ట లోపలి వైపే వేశాం. అదీ మట్టిలోనే ఉంది.

పెన్న_ఇసుక
నేను మొదట చెప్పింది ఇదే.

పసుపు_కొమ్ము
మీరు చెప్పింది వేరు. మీరు మొత్తం వద్దన్నారు.

జాబిలి_కడప
పుస్తకమే నాటిన వాళ్లూ ఉన్నారు. అర్జెంటీనాలో ఒక ప్రచురణ సంస్థ 2015లో పిల్లల పుస్తకం ఒకదాన్ని జకరండా విత్తనాలు కూర్చిన కాగితంతో వేసింది. చదివాక మొత్తం పుస్తకాన్నే మట్టిలో పెట్టాలి. జపాన్‌లో మైనిచి పత్రిక 2016లో విత్తనాలు కలిపిన కాగితం మీద, మొక్కల నుంచి తీసిన సిరాతో ఒక సంచిక తెచ్చింది. దినపత్రికకు ఇది అతుకుతుంది, దాన్ని ఎలాగూ మర్నాడు దాచుకోం.

ఉగ్గాని_బజ్జి
మన దగ్గర దినపత్రిక మర్నాటికి బజ్జీల పొట్లం అవుతుంది. ఆహార భద్రతా సంస్థ 2016లోనే వద్దని చెప్పింది, అచ్చు సిరా మంచిది కాదని. బండి ఆయనకు చెబితే "లోపలి పేజీలోనే చుట్టాను సార్" అన్నాడు.

హంద్రీ_ఒడ్డు
ఎనిమిది రోజులు అయింది. డబ్బా స్టాఫ్ రూములో పెట్టాం. ఈరోజు ఎనిమిదో తరగతి ముందు విప్పాం. ఒక్కో రకానివి మూడు ముక్కలు, అరచేతి వెడల్పు. అచ్చు వేయని కాగితంలో 21 మొలకలు. నీలం అట్టలో 17. రంగుల అట్టలో 2.

అంటే కాగితం అమ్మినవాళ్లు మోసం చేయలేదు. నా సంపాదకీయం కూడా అంత అబద్ధం కాదు.

తరువాత గుండుసూదితో రంగుల అట్ట పొరను విప్పి గింజలు బయటికి తీశాం. ప్రయోగశాలలోంచి భూతద్దం తెచ్చాం. సూదిలా గుండ్రంగా ఉండాల్సిన గింజ తాటాకులా చదునుగా ఉంది. నిలువునా చిట్లి, లోపలి తెల్లదనం గోరు తగిలితే పిండిలా రాలింది. పదకొండు గింజలు తీస్తే తొమ్మిది ఇలాగే ఉన్నాయి. మాడిన రంగు మాత్రం కనిపించలేదు.

వేరుశనగ_చేను
నలిగిపోవడమే.

మూడోతరం_ప్రెస్సు
ఆ మిగిలిన రెండు గింజలూ బాగున్నాయిగా, అవి మొలిచాయా? అడిగి చూడండి. వేడి సంగతి ఇంకా తేలలేదు.

హంద్రీ_ఒడ్డు
ఆ రెండింటినీ కూడా తడి గుడ్డలో పెట్టాను, మీ పంచాయితీ కోసమే.

నోటుపుస్తకం లెక్క కూడా తేలింది. నీలం అట్ట నాటినవాళ్లు 84 మంది, 18 మందికి మొలిచింది. రంగులది 58 మంది నాటారు, ఒక్కడికే మొలిచింది. ఆ ఒక్కడు ఎవరనుకున్నారు? రోజూ తవ్వి చూసేవాడు.

ఉగ్గాని_బజ్జి
నేను ముందే చెప్పాను, ఓపిక ఉందని.

వేరుశనగ_చేను
ఇందులో వింతేమీ లేదు. రోజూ తవ్వడం వల్ల జానెడు లోతున ఉన్న ముక్క పైపైకి వచ్చి ఉంటుంది, మట్టి గుల్లబారి ఉంటుంది. తవ్విన ప్రతిసారీ మళ్లీ నీళ్లు పోసి ఉంటాడు. పిల్లవాడికి తెలియకుండానే అన్నీ సరిగ్గా చేశాడు. నీలం అట్టవాళ్లలో 66 మందికి రాకపోవడానికి కారణం ఆ లోతే, ఎండే.

హంద్రీ_ఒడ్డు
14 షీట్లలో ఒకటి పరీక్షకు అయిపోయింది. మిగిలిన 13 జూలై దాకా దాచమంటారా? వాన మొదలయ్యాక వనమహోత్సవం రోజు ముక్కలు చేసి మొలవనివాళ్లకు ఇద్దామని ఉంది.

వేరుశనగ_చేను
గాలి చొరని డబ్బాలో వేసి చల్లని చోట పెట్టండి. ఇనుప బీరువా పైన మాత్రం వద్దు, మే నెలలో దాని మీద గుడ్డు ఉడుకుతుంది. జూన్‌లో ఇంకోసారి తడి గుడ్డ పరీక్ష చేసి, అప్పుడు మాట ఇవ్వండి పిల్లలకు.

శుభలేఖ_మూల
వచ్చే ఏడాది సంచికకు అట్ట మామూలుది వేయించి, పుట గుర్తు పెట్టుకునే చీటీ ఒకటి విత్తనాల కాగితంతో ఇవ్వండి మాస్టారూ. రబ్బరు స్టాంపు నేను చేయించి పంపుతాను, డబ్బు వద్దు. ఎంత లోతులో పెట్టాలో కూడా అందులోనే ఉంటుంది.

హంద్రీ_ఒడ్డు
స్టాంపు తప్పకుండా తీసుకుంటాను. కాగితం పిల్లలే చేస్తామంటున్నారు, పసుపు_కొమ్ము గారి పద్ధతిలో, కొర్రలతో. జల్లెడలు దొరికాయి, పాత నోటుపుస్తకాలకు కొదవ లేదు. మిక్సీ ఎవరిదో ఇంకా తేలలేదు. మాది మాత్రం కాదని నిన్న రాత్రి ఇంట్లో తేలిపోయింది.